టెలిహెల్త్: తెరకు అవతల ఎవరున్నారన్నదే అసలు సంగతి

రాత్రి పదకొండున్నర. పది నెలల బిడ్డకి రెండు రోజులుగా జలుబు, సాయంత్రం నుంచి దగ్గు, ఇప్పుడేమో ఊపిరి కాస్త వేగంగా తీస్తున్నట్టు తల్లికి అనిపిస్తోంది. ఆస్పత్రికి పరిగెత్తాలా, తెల్లారేదాకా ఆగొచ్చా? వీడియో కాల్‌లోకి వచ్చిన డాక్టరు మొదట బిడ్డ చొక్కా పైకెత్తమంటుంది. లైటు ఛాతీ మీద పడేలా ఫోన్ పట్టుకోమంటుంది. బిడ్డ ఏడుస్తుంటే ముందు ఊరుకోబెట్టమంటుంది, ఎందుకంటే ఏడుస్తున్న పిల్లల ఊపిరి లెక్కకు పనికిరాదు. ఆ తర్వాత నిమిషం పాటు ఎవరూ మాట్లాడరు. ఛాతీ పైకి లేచిన ప్రతిసారీ ఒకటి చొప్పున, పూర్తి నిమిషం లెక్కపెడుతుంది. రెండు నెలలు నిండి ఏడాది లోపున్న పిల్లల్లో ఆ లెక్క 50 గానీ అంతకు మించి గానీ ఉంటే వేగంగా ఊపిరి తీస్తున్నట్టు. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు వాళ్లకి 40. రెండు నెలలు కూడా నిండని పసికందులకి 60. స్టెతస్కోప్, ఎక్స్‌రే లేని చోట కూడా న్యుమోనియాని అనుమానించగలిగేలా ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దులివి. లెక్కతో పాటు ఆమె కళ్లు ఇంకొకటి వెతుకుతుంటాయి: ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద ఛాతీ లోపలికి గుంజుకుపోతోందా?

గుంజుకోవడం లేదు. లెక్క 42 దగ్గర ఆగింది. బిడ్డ పాలు తాగుతోంది, మెలకువగా చూస్తోంది. అయితే ఈ రాత్రికి ఇంట్లోనే ఉండొచ్చు, ఫలానా మార్పు కనిపిస్తే మాత్రం వెంటనే బయల్దేరండి అని చెప్పి కాల్ ముగిస్తుంది. మందుల చీటీ లేదు, పరీక్షలు లేవు. అదే లెక్క 64 వచ్చి ఉంటే, "పొద్దున చూద్దాంలే" అనుకున్న ఇల్లు అప్పటికప్పుడు కదిలేది. ఇలా ఫోన్‌లోనో వీడియోలోనో దూరం నుంచే అందే వైద్యమే టెలిహెల్త్. అది తెచ్చిన అతి పెద్ద మార్పు ఇక్కడే ఉంది. ఆస్పత్రికి వెళ్లాలా వద్దా, ఎంత త్వరగా వెళ్లాలి, ఎవరి దగ్గరకి వెళ్లాలి అన్న నిర్ణయం ఇదివరకు పూర్తిగా ఇంట్లోవాళ్ల నెత్తినే ఉండేది, వాళ్ల భయం మీదో, ధైర్యం మీదో, పక్కింటివాళ్ల సలహా మీదో నడిచేది. ఇప్పుడు ఆ నిర్ణయంలోకి వైద్యం తెలిసిన మనిషి ఒకరు వచ్చి చేరుతున్నారు.

ఇదంతా స్మార్ట్‌ఫోన్లతో పుట్టిందనుకుంటారు చాలామంది. బెల్ టెలిఫోన్‌కి పేటెంట్ వచ్చింది 1876లో. మూడేళ్లు తిరిగేసరికి, 1879లో, లాన్సెట్ వైద్య పత్రికలో ఒక ముచ్చట వచ్చింది: అర్ధరాత్రి బిడ్డ దగ్గు చూసి క్రూప్ అనే గొంతు జబ్బేమోనని కంగారుపడిన ఇంటివాళ్లు డాక్టరుకి ఫోన్ చేస్తే, ఆయన బిడ్డని ఫోన్ దగ్గరికి తెమ్మని, దగ్గు విని, అది క్రూప్ కాదని చెప్పాడట. పైన చెప్పిన రాత్రికీ దానికీ పెద్ద తేడా లేదు. 1905లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో విలెమ్ ఐంథోవెన్ ఆస్పత్రిలో ఉన్న పేషెంట్ల గుండె సంకేతాలని టెలిఫోన్ తీగ మీదుగా కిలోమీటరున్నర దూరంలోని తన ల్యాబ్‌కి రప్పించుకున్నాడు, ఎందుకంటే ఈసీజీ తీసే ఆయన యంత్రాన్ని పేషెంటు మంచం దగ్గరికి మోసుకెళ్లడం అయ్యే పని కాదు. 1968లో బోస్టన్ విమానాశ్రయంలోని క్లినిక్‌ని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌తో టీవీ లైన్ ద్వారా కలిపారు. దూరం నాలుగైదు కిలోమీటర్లే, కానీ మధ్యలో ట్రాఫిక్. క్లినిక్‌లో నర్సులు ఉండేవాళ్లు, డాక్టర్లు ఆస్పత్రిలో కూర్చుని తెర మీద పేషెంటుని చూసేవాళ్లు. నర్సు అక్కడ ఉండటం చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, ఈ కథంతా చివరికి దాని చుట్టూనే తిరుగుతుంది.

అన్నేళ్లుగా తెలిసిన పద్ధతి ఇంత ఆలస్యంగా ఇంటింటికీ ఎందుకు వచ్చినట్టు? యంత్రాలు లేక కాదు. ఫోన్‌లో చూసినందుకు ఫీజు ఎవరిస్తారు, ఒక చోట లైసెన్సున్న డాక్టరు ఇంకో చోటున్న పేషెంటుకి వైద్యం చేయొచ్చా, ఏదైనా పొరపాటు జరిగితే బాధ్యత ఎవరిది, ఈ మూడు ప్రశ్నల దగ్గరే దశాబ్దాలు గడిచిపోయాయి. అమెరికాలో వృద్ధుల కోసం ఉన్న మెడికేర్ బీమా 2020 వరకు చాలా సేవలకి ఒక షరతు పెట్టేది: పేషెంటు గ్రామీణ ప్రాంతంలో ఉండాలి, అది కూడా ఇంట్లో కాదు, ఏదో ఒక క్లినిక్‌కో ఆస్పత్రికో వెళ్లి అక్కడి తెర ముందు కూర్చోవాలి. దూరాన్ని తగ్గించే పద్ధతి కోసం కూడా ప్రయాణం చేయాల్సి వచ్చేదన్నమాట. 2020 మార్చిలో కరోనా వచ్చి ఆ షరతుల్ని పక్కన పెట్టించింది. ఇండియాలో కూడా అదే నెల 25న టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చి, వీడియో, ఆడియో, మెసేజ్ మూడింటితోనూ ఏ డాక్టరు ఏం చేయొచ్చో, ఏ మందులు రాయకూడదో తేల్చి చెప్పాయి. ఏళ్ల తరబడి కదలని రూల్సు వారాల్లో కదిలాయి.

అసలు డాక్టరు దగ్గరికి వెళ్లడం అనే పనిలో ఏమేం ఉన్నాయో విడదీసి చూస్తే, ఏది ఫోన్‌లోకి వస్తుందో ఏది రాదో సులువుగా అర్థమవుతుంది. డాక్టరు వింటారు, చూస్తారు, ముట్టుకుని పరీక్షిస్తారు, కొలతలు తీస్తారు, తర్వాత చేయాల్సింది చెబుతారు. వినడం దాదాపు పూర్తిగా వచ్చేస్తుంది. అందుకే మానసిక ఆరోగ్యం ఈ పద్ధతిలో బాగా కుదురుకుంది. డిప్రెషన్‌కీ, ఘోరమైన సంఘటనల తర్వాత మిగిలిపోయే పీటీఎస్‌డీకీ వీడియోలో చేసే థెరపీ ఎదురెదురుగా కూర్చుని చేసినంత బాగా పనిచేస్తోందని చాలా పరిశోధనల్లో తేలింది. చూడటం సగం వస్తుంది. చర్మం మీద మచ్చ ఫోటో తీసి పంపితే, రాత్రి ట్యూబ్‌లైటు కింద తీసినదానికీ పగటి వెలుతురులో కిటికీ దగ్గర తీసినదానికీ ఎంతో తేడా ఉంటుంది; దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి తీసి, సైజు తెలిసేలా పక్కన ఒక నాణెం పెడితే డాక్టరు పని సగం తేలికవుతుంది. ముట్టుకోవడం అసలు రాదు.

పొట్టనొప్పి విషయంలో ఈ లోటు బాగా తెలుస్తుంది. అనుభవమున్న డాక్టర్లు దీనికి కొన్ని దారులు కనిపెట్టుకున్నారు. లేచి నిలబడి ఒకసారి ఎగిరి దూకమంటారు, గట్టిగా దగ్గమంటారు. అలా చేసినప్పుడు కుడివైపు కింద పొడిచినట్టు నొప్పి వచ్చి పేషెంటు వంగిపోతే, లోపల పొర వాచిందన్న అనుమానం బలపడుతుంది, అపెండిక్స్ అయ్యుండొచ్చని వెంటనే ఆస్పత్రికి పంపిస్తారు. పక్కనున్న మనిషిని వేళ్లతో మెల్లగా నొక్కమని, నొక్కుతున్నప్పుడు పేషెంటు ముఖం వైపు కెమెరా తిప్పమంటారు. తెలివైన పద్ధతులే, ఎందరికో పనికొచ్చాయి కూడా. కానీ చెయ్యి వేసి చూస్తే పొట్ట గట్టిపడిందా లేదా అన్నది క్షణంలో తెలిసిపోతుంది, దానికి సాటి వచ్చేది తెర మీద ఏదీ లేదు. పొట్టనొప్పి మీద అనుమానం మిగిలి ఉంటే "రండి, చూడాలి" అనే డాక్టరే మంచి డాక్టరు. ఆ మాట విని విసుక్కోకూడదు.

చూడలేనప్పుడు డాక్టరు ఏం చేస్తారన్నదానికి ఇంకో రుజువుంది, అది అంత బాగోదు. అమెరికాలో పిల్లల జలుబు, దగ్గు, చెవినొప్పి లాంటి శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్ల మీద 2019లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ఏం చూపించిందంటే, అప్పటికప్పుడు దొరికే కొత్త డాక్టరుతో యాప్‌లో మాట్లాడినప్పుడు 52 శాతం మందికి యాంటీబయాటిక్స్ రాశారు, అర్జెంట్ కేర్ క్లినిక్‌లలో 42 శాతం, ఎప్పుడూ చూసే సొంత డాక్టరు దగ్గర 31 శాతం. చెవిలోకి చూసే వీలు లేదు, గొంతులో నుంచి శాంపిల్ తీసే వీలు లేదు, పేషెంటు మళ్లీ కనిపిస్తాడన్న నమ్మకం లేదు, అలాంటప్పుడు "ఎందుకైనా మంచిది" అని ఒక మందు రాసెయ్యడం తేలిక. ఆ తేలిక ఖరీదు ఎక్కువ, పనికిరాని చోట వాడిన యాంటీబయాటిక్ రేపు నిజంగా అవసరమైన చోట పనిచెయ్యకుండా పోతుంది.

మరి కొలతల సంగతి? ఇక్కడ చాలామంది ఊహించనిది జరుగుతోంది, కొన్ని కొలతలు క్లినిక్‌లో కన్నా ఇంట్లోనే నిజానికి దగ్గరగా వస్తున్నాయి. బీపీనే తీసుకోండి. తెల్ల కోటు చూడగానే బీపీ పెరిగేవాళ్లు ఎందరో ఉన్నారు, అక్కడ ఎక్కువగా ఉండి ఇంట్లో మామూలుగా ఉండేవాళ్లు కొందరైతే, క్లినిక్‌లో మామూలుగా ఉండి ఇంట్లో ఎక్కువగా ఉండేవాళ్లు ఇంకొందరు. క్లినిక్‌లో 140/90ని హద్దుగా తీసుకునే చోట ఇంట్లో కొలిచినదానికి 135/85ని హద్దుగా పెట్టింది అందుకే. వారం పాటు పొద్దున, సాయంత్రం ఇంట్లో తీసిన రీడింగులు డాక్టరు ముందుంటే, ఆస్పత్రి మెట్లెక్కి ఆయాసపడుతూ కూర్చున్న వెంటనే తీసిన ఒక్క నంబరు కన్నా అవి ఎంతో ఎక్కువ చెబుతాయి. కాకపోతే పద్ధతిగా తీయాలి: ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, కాళ్లు నేలకి తాకించి, చెయ్యి గుండె ఎత్తులో ఏదైనా బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా. అంతకు ముందు అరగంటలో కాఫీ, సిగరెట్ ఉండకూడదు.

కొలవడం సరే, ఆ కొలతలు ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నకి రెండు పెద్ద పరిశోధనల నుంచి జవాబు దొరుకుతుంది. రెండూ హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్ల మీద చేసినవే. ఈ జబ్బులో గుండె ఆగిపోదు, బలహీనపడి ఒంట్లో నీరు చేరుతుంది. రెండు మూడు రోజుల్లోనే కిలో, రెండు కిలోల బరువు పెరగడం ఆయాసం ముదరబోతోందనడానికి ముందస్తు గుర్తు. కాబట్టి రోజూ బరువు తెలుసుకుంటే ఆస్పత్రి పాలవ్వకుండా ఆపొచ్చన్నది ఆలోచన. అమెరికాలో 1653 మందితో చేసి 2010లో ప్రచురించిన మొదటి పరిశోధనలో పేషెంట్లు రోజూ ఒక నంబరుకి ఫోన్ చెయ్యాలి, రికార్డయిన గొంతు ప్రశ్నలడుగుతుంది, వీళ్లు బటన్లు నొక్కి జవాబు చెప్పాలి. ఆ జవాబుల్ని తర్వాత డాక్టర్ల బృందం చూస్తుంది. ఆరు నెలల తర్వాత చూస్తే, చనిపోవడమో మళ్లీ ఆస్పత్రిలో చేరడమో జరిగినవాళ్లు ఫోన్ చేసిన గుంపులో 52.3 శాతం, మామూలు వైద్యం పొందిన గుంపులో 51.5 శాతం. తేడా ఏమీ లేదు. ఫోన్ చెయ్యాల్సిన వాళ్లలో 14 శాతం ఒక్కసారి కూడా చెయ్యలేదు.

జర్మనీలో 1500 మందికి పైగా పేషెంట్లతో చేసిన రెండోది 2018లో వచ్చింది. అక్కడ కూడా ఇంట్లోనే రోజూ బరువు, బీపీ, ఈసీజీ, ఆక్సిజన్ కొలిచారు. కానీ ఆ కొలతలు బెర్లిన్‌లోని ఒక కేంద్రానికి చేరేవి, అక్కడ డాక్టర్లు, నర్సులు ఇరవై నాలుగు గంటలూ ఉండేవాళ్లు, ఏదైనా తేడాగా కనిపిస్తే వాళ్లే పేషెంటుకి ఫోన్ చేసేవాళ్లు, మందు మోతాదు మార్చేవాళ్లు, కావాలంటే ఆస్పత్రికి రమ్మనేవాళ్లు. మామూలు వైద్యం పొందిన గుంపులో వందమందికి ఏడాదికి 11.3 మరణాలుంటే, ఈ గుంపులో 7.9 మాత్రమే. రెండు చోట్లా పేషెంట్లు వేరు, కాలం వేరు, వైద్యం వేరు, కాబట్టి అంకె పక్కన అంకె పెట్టి పోల్చడం సరికాదు. అయినా ఒకటి మాత్రం కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది: ఒక చోట పేషెంటు యంత్రానికి చెప్పుకున్నాడు, ఇంకో చోట మనిషి పేషెంటుకి తిరిగి ఫోన్ చేశాడు. టెలిహెల్త్ మీద డబ్బు పెట్టే ప్రభుత్వాలు, ఆస్పత్రులు మొదట కొనేది యాప్, మొదట కోత పెట్టేది ఆ ఫోన్ చేసే నర్సు ఉద్యోగం. ఇది తలకిందుల లెక్క.

పరికరాలని కూడా గుడ్డిగా నమ్మకూడదు. కరోనా కాలంలో వేలికి పెట్టుకునే ఆక్సిమీటర్ కోట్ల ఇళ్లలోకి చేరింది. 2020 డిసెంబరులో అమెరికా పరిశోధకులు చూపించినదాని ప్రకారం, మీటరు 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నా రక్తంలో అసలు ఆక్సిజన్ 88 కన్నా తక్కువున్న సందర్భాలు నల్లజాతి పేషెంట్లలో 11.7 శాతం, తెల్లవాళ్లలో 3.6 శాతం. చర్మం రంగు ముదురుగా ఉంటే వెలుతురుతో పనిచేసే ఆ పరికరం ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే ప్రమాదముంది. ముదురు రంగు చర్మమున్న మనుషులు ప్రపంచంలో ఎంతమంది ఉన్నారో తలుచుకుంటే ఇది చిన్న లోపం కానే కాదు. మీటరు 95 అంటున్నా మనిషి ఒక వాక్యం పూర్తి చెయ్యలేక మధ్యలో ఊపిరి తీసుకుంటుంటే, నమ్మాల్సింది మనిషినే.

టెలిహెల్త్ అనగానే ఇంట్లో సోఫాలో కూర్చున్న పేషెంటే గుర్తొస్తాడు గానీ, ప్రాణాలు నిలబెట్టే పని చాలాసార్లు డాక్టరుకీ డాక్టరుకీ మధ్య జరుగుతుంది. పక్షవాతం వచ్చినప్పుడు మెదడుకి రక్తం ఆగిన ప్రతి నిమిషం సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని అంచనా. గడ్డని కరిగించే ఇంజెక్షన్‌ని సాధారణంగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి, అది కూడా సీటీ స్కాన్ తీసి రక్తస్రావం కాదని తేల్చుకున్నాకే, పొరపాటున రక్తస్రావంలో ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. చిన్న ఆస్పత్రిలో స్కానర్ ఉంటుంది, మెదడు, నరాల జబ్బులు చూసే న్యూరాలజిస్టు ఉండడు. ఇప్పుడు వందల కిలోమీటర్ల అవతల నుంచి న్యూరాలజిస్టు తెర మీదికి వచ్చి, స్కాన్ చూసి, పేషెంటుని రెండు చేతులూ చాపి పది సెకన్లు అలాగే ఉంచమంటాడు, ఏ చెయ్యి కిందికి జారుతోందో చూస్తాడు, నవ్వమంటాడు, ఒక వాక్యం చెప్పమంటాడు. మంచం పక్కన ఉన్న నర్సు చేతులే ఆయన చేతులు. బోస్టన్ విమానాశ్రయంలో 1968లో ఉన్న అమరికే ఇది, కాకపోతే ఇప్పుడు గడియారం ఎదురుగా ఉంది.

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఎకో ఇంకో అడుగు ముందుకేసింది. కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బు హెపటైటిస్ సికి వైద్యం తెలిసిన నిపుణులు పెద్ద ఊళ్లో ఉన్నారు, పేషెంట్లేమో ఎక్కడెక్కడో, జైళ్లలో కూడా ఉన్నారు. ఆయన పేషెంట్లని తెర ముందుకి పిలవలేదు, వాళ్లని రోజూ చూసే మామూలు డాక్టర్లని పిలిచాడు. వాళ్లు వారం వారం తమ కేసులు చెప్పేవాళ్లు, నిపుణులు దారి చూపేవాళ్లు, అలా నేర్చుకుంటూ తమ పేషెంట్లకి తామే వైద్యం చేసేవాళ్లు. 2011లో ఫలితాలు వచ్చాయి: యూనివర్సిటీ క్లినిక్‌లో వైరస్ పోయినవాళ్లు 57.5 శాతం, ఈ మామూలు డాక్టర్ల దగ్గర 58.2 శాతం. పేషెంటు ఊరు కదల్లేదు, కొత్త డాక్టరుకి మొదట్నుంచీ కథంతా చెప్పుకోవాల్సిన పని రాలేదు. టెలిహెల్త్‌లో ఇంతకన్నా అందమైన వాడకం వెతికినా దొరకదు.

ఇక ఎవరు బయట ఉండిపోతున్నారు? వినికిడి తగ్గిన పెద్దవాళ్లకి వీడియోలో పెదాలు ఒకచోట, మాట ఒకచోట ఉంటుంది. ఫోన్ వాడటం రానివాళ్ల తరఫున మనవడో కూతురో పక్కన కూర్చుని పట్టుకుంటారు, సాయమే, కానీ మూత్రం గురించో, తాగుడు గురించో, ఇంట్లో పడుతున్న దెబ్బల గురించో చెప్పుకోవాలంటే ఆ సాయమే అడ్డం. క్లినిక్ గదికి తలుపు ఉంటుంది, ఆ తలుపు మూస్తే లోపల మాట లోపలే ఉంటుంది. ఒకే గదిలో నలుగురుండే ఇంట్లో ఆ తలుపు ఎక్కడిది? అందుకే జాగ్రత్తగా ఉండే థెరపిస్టులు ముందుగా అవును, కాదు అని జవాబిచ్చేలా అడుగుతారు: "పక్కన ఎవరైనా ఉన్నారా?" ఉన్నారంటే మాట మారుస్తారు, లేదా టైప్ చెయ్యమంటారు. నెట్ సరిగ్గా లేనివాళ్లకి మామూలు ఆడియో కాలే దిక్కు, దాన్ని తక్కువ రకం వైద్యంగా చూసి ఫీజు కవరేజీ తీసేస్తే మొదట నష్టపోయేది వాళ్లే. బొమ్మ కనిపించకపోయినా, పేషెంటు పాత రిపోర్టులన్నీ తెలిసిన డాక్టరు చేసే ఫోన్, ఎప్పుడూ చూడని డాక్టరు చేసే వీడియో కాల్ కన్నా మేలు.

కొన్నింటికి తెర ముందు కూర్చోవడమే తప్పు. ఛాతీలో బరువుగా నొప్పి, మూతి ఒక పక్కకి వంకరపోవడం, ఉన్నట్టుండి చెయ్యో కాలో పడిపోవడం, ఆగని రక్తం, పెదాలు నీలంగా మారడం, వీటికి అపాయింట్‌మెంట్ వెతుక్కోకూడదు, నేరుగా అంబులెన్సు పిలవాలి. అయినా జనం కాల్ చేస్తూనే ఉంటారు, నొప్పి గ్యాసేమోనని, ఇంత రాత్రి ఎవరిని ఇబ్బంది పెడతాంలే అని.

కాల్ మొదలవగానే, పేరు అడిగిన వెంటనే, కొందరు డాక్టర్లు ఇంకో రెండు ప్రశ్నలడుగుతారు: "ఇప్పుడు మీరు సరిగ్గా ఎక్కడున్నారు? లైను కట్ అయితే ఏ నంబరుకి చెయ్యాలి?" చాలామందికి ఇవి ఫారం నింపే ప్రశ్నల్లా అనిపించి, అడ్రసు సగం చెప్పి వదిలేస్తారు. పూర్తిగా చెప్పాలి. మాట్లాడుతూ మాట్లాడుతూ పేషెంటు పడిపోతే అవతలి మనిషి చేతిలో ఉండేది ఆ అడ్రసు ఒక్కటే. చెమటలు పట్టి ఛాతీ పట్టుకున్న మనిషి తెర మీద కనిపిస్తే, అనుభవమున్న డాక్టరు కాల్ ఆపరు, పక్కనున్న సిస్టర్‌కి అడ్రసు రాసిచ్చి అంబులెన్సుకి చెప్పమంటారు, పేషెంటుని మాట్లాడిస్తూనే ఉంటారు, నడవగలిగితే మెల్లగా వెళ్లి ముందు తలుపు గడియ తీసిపెట్టి వచ్చి కూర్చోమంటారు.